బోనులో నిలిచిన రూపకం

గాయపడినవాడు తన గాయాన్ని అన్నివేళలా సూటిగా చెప్పలేడు. కొన్నిసార్లు చెప్పనివ్వరు. మరికొన్నిసార్లు ఆ బరువును మోయగల శక్తి మామూలు మాటలకు ఉండదు. అప్పుడే కవి రూపకాన్ని ఆశ్రయిస్తాడు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ రాసిన ‘పుట్టుమచ్చ’ను గుర్తు చేసుకుందాం. దేశ విభజన నాటికి పుట్టనైనా పుట్టని తరం ఆ నిందను ఎందుకు మోయాలి? ఎన్ని వ్యాసాలు రాసినా అందని ఈ వేదనను ఒక్క పుట్టుమచ్చ పట్టి చూపింది. దానిని ఎవరూ కోరి తెచ్చుకోరు. కడిగితే పోదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో మనల్ని గుర్తించడానికి రాసేది కూడా దానినే. బాబ్రీ మసీదు విధ్వంసం మిగిల్చిన కలవరం నుంచి 1998లో వెలువడిన ముస్లిం కవితా సంకలనానికి ‘జల్‌జలా’ అని పేరు పెట్టారు. కాళ్ల కింది నేల కంపించిందని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలింది.

అయితే, నేడు రూపకమే నేరంగా మారుతున్నది. సైనిక నియంత జియా ఉల్ హక్ పాలనలో, 1979లో ఫైజ్ అహ్మద్ ఫైజ్ ‘హమ్ దేఖేంగే’ రాశారు. మతం పేరిట గద్దెనెక్కినవాడిని మతభాషలోనే నిలదీశారు. ఆ కవితలోని విగ్రహాలు నిరంకుశ పాలకులు. 2019 డిసెంబరులో కాన్పూర్ ఐఐటీ విద్యార్థులు ఆ కవితను చదివితే, అది హిందూ వ్యతిరేకమని ఫిర్యాదు వచ్చింది. విచారణకు కమిటీ కూడా ఏర్పడింది. తన దేశంలో జైలు పాలైన కవి, మరణించిన 35 ఏళ్లకు మన దేశంలో అనుమానితుడయ్యాడు.

2025 జనవరిలో, కవి, రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీపై ఒక కవిత కారణంగా జామ్‌నగర్ పోలీసులు కేసు పెట్టారు. హైకోర్టు జోక్యానికి నిరాకరించింది. మార్చి 28న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. మాటల ప్రభావాన్ని స్థిరచిత్తం గలవారి దృష్టితో తూచాలే తప్ప, ప్రతి విమర్శకూ బెదిరిపోయేవారి కొలమానంతో కాదని స్పష్టం చేసింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే ఇలాంటి ఆరోపణలలో, కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ జరపడం సముచితమని చెప్పింది. మన కార్యకర్తలూ న్యాయవాదులూ ఈ తీర్పును చేతిలో ఉంచుకోవాలి.

ఈ సందర్భంలో మనల్ని మనమూ ప్రశ్నించుకోవాలి. ‘షిక్వా’లో అల్లాహ్‌కు మొరపెట్టుకున్న ఇక్బాల్‌పై ఆగ్రహించినవారు మన మతపెద్దలలోనూ ఉన్నారు. కవి ఆవేదనను వినకముందే అక్షరార్థాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం ఎవరు చేసినా అన్యాయమే. ఇతరుల నుంచి కోరే ఓర్పును మన కవులకు, ముఖ్యంగా మన ఇళ్లలోని కష్టాలను రాసే కవయిత్రులకు, మనం ముందుగా ఇవ్వాలి.

ఉర్దూ చదవలేని, తెలుగులోనే చదువుకుంటున్న మన పిల్లల చేతికి ‘పుట్టుమచ్చ’ అందాలని మేము కోరుతున్నాము. తల్లిదండ్రులు పక్కన కూర్చుని చదివించాలి. అందులోని వేదన ఎక్కడి నుంచి వచ్చిందో వారికి చెప్పాలి. తమ బాధకు మాట దొరికిన పిల్లలు ద్వేషం వైపు సులభంగా జారిపోరని మా విశ్వాసం.