చూసే కన్ను, చెప్పే ధైర్యం

బడిలోనో కాలేజీలోనో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఎత్తు చాలలేదనో, జట్టు ఎంపికలో పేరు రాలేదనో ఆ కోర్టుకు దూరమైనవాళ్లూ ఉంటారు. మీ అందరికీ ఒక మాట. ఆ ఆట మిమ్మల్ని వదిలేయలేదు. బంతి పట్టినవాళ్లతో సమానంగా పరుగెత్తి, తప్పొప్పులు తేల్చే రిఫరీ కోసం అది ఎదురుచూస్తోంది. రండి, నేర్చుకోండి!

రిఫరీ ఈ ఆటకు తరవాత వచ్చి చేరినవాడు కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల అధ్యాపకుడు జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు 13 నియమాలు రాశాడు. వాటిలో రెండు పూర్తిగా తీర్పు చెప్పేవాళ్ల గురించే. ఒకరు ఆటగాళ్లను కనిపెట్టాలి, ఇంకొకరు బంతిని కనిపెట్టాలి అన్నాడు. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబుల్ ఆ నియమాల్లో లేనే లేదు. రిఫరీ మాత్రం ఉన్నాడు. రెండు జట్లు ఒకే బంతి కోసం తలపడే చోట న్యాయం చెప్పే మనిషి లేకపోతే ఆట కొట్లాటగా మారుతుందని నైస్మిత్‌కు మొదటి రోజే తెలుసు.

ఈ విద్యలో మొదటి పాఠం విజిల్ ఊదడం కాదు, చూడటం. బంతి వెంట కళ్లు పరుగెత్తించడం ప్రేక్షకుడి అలవాటు. ముందు దాన్ని వదులుకోవాలి. ఇద్దరు రిఫరీలున్న ఆటలో ఒకరు బుట్ట కిందుగా ఎండ్ లైన్ దగ్గర నిలుస్తారు, ఆయన లీడ్. రెండోవారు బంతికి వెనకగా వస్తారు, ఆయన ట్రెయిల్. బంతి మీ సహచరుడి వైపు ఉన్నప్పుడు మీ కళ్లు బంతి లేని ఆటగాళ్ల మీద ఉండాలి. మోచేతి పోటూ, చొక్కా లాగడమూ జరిగేది అక్కడే.

బంతితో ఒకడు బుట్ట మీదికి దూసుకొస్తుంటే మీరు చూడవలసింది వాణ్ని కాదు, అడ్డుకునేవాణ్ని. డిఫెండర్ తన చోట నిలబడి, చేతులు నిటారుగా ఎత్తి, పైకి మాత్రమే ఎగిరితే ఆ గాలి కూడా అతనిదే. ఎదుటివాడు వచ్చి గుద్దుకున్నా డిఫెండర్ తప్పు లేదు. అది తెలియని రిఫరీ చప్పుడు వినగానే విజిల్ ఊదుతాడు, చక్కగా అడ్డుకున్నవాడికి శిక్ష వేస్తాడు. మీరు అలా చేయకండి. కదలిక మొదలవడం, సాగడం, ముగియడం చూడండి. ఆ తాకిడి వల్ల ఎవరికైనా అన్యాయం జరిగిందా అని తేల్చుకోండి. అప్పుడు ఊదండి. ఊదితే గట్టిగా, ఒక్కసారే ఊదండి.

తీర్పు చెప్పడానికి చేతులే భాష. ఫౌల్ అయితే పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తాలి. నియమం మాత్రమే తప్పితే అరచెయ్యి తెరిచి ఎత్తాలి. బంతి పట్టుకుని హద్దుకు మించి అడుగులు వేసే ట్రావెలింగ్‌కు రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాలి. ఆపైన స్కోరర్ టేబుల్ వైపు తిరిగి ఆటగాడి నంబరు, ఫౌల్ రకం, తరవాత ఏం జరగాలన్నది వరుసగా చూపాలి. రోజూ అద్దం ముందు నిలబడి సాధన చేయండి. చేతులు తడబడితే తీర్పు సరైనదైనా ఎవరూ నమ్మరు.

టేబుల్‌తో మాట కలవకపోతే ఏమవుతుందో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ చెబుతుంది. అమెరికా 50, సోవియట్ యూనియన్ 49. మిగిలింది 3 సెకన్లు. టైమ్ అవుట్ మీద గందరగోళం చెలరేగింది. గడియారం సరిచేయడం పూర్తికాకుండానే బంతి ఆటలోకి వెళ్లింది. ఆ మూడు సెకన్లనే మళ్లీ ఆడించారు. చివరి ప్రయత్నంలో సోవియట్ ఆటగాడు బెలోవ్ బంతిని బుట్టలో వేయడంతో సోవియట్ జట్టు 51-50తో గెలిచింది. అమెరికా ఆటగాళ్లు వెండి పతకాలు ముట్టుకోలేదు. బంతి చేతికిచ్చే ముందు టేబుల్ వైపు ఒక్క చూపు చూడటం ఎంత పెద్ద పనో గుర్తుపెట్టుకోండి. అందుకే కొత్తవాళ్లు ముందు ఆ టేబుల్ దగ్గరే కూర్చోవాలి. స్కోర్ షీట్ రాయండి, గడియారం నడపండి. బంతిని బుట్టకు వేయడానికి ఇచ్చే 24 సెకన్ల గడువు ఎప్పుడు తిరిగి 24 అవుతుందో, ఎప్పుడు 14 అవుతుందో అక్కడ వేళ్లకే తెలిసిపోతుంది.

ఒంటినీ సిద్ధం చేసుకోండి. కోర్టు 28 మీటర్ల పొడవు, ఆట పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ఆటగాడు అలిసిపోతే బదులు ఇంకొకడు దిగుతాడు. మీకు బదులు ఎవరూ దిగరు. ఆయాసపడే రిఫరీ దూరం నుంచి చూస్తాడు, దూరం నుంచి చూసిన తీర్పు ఊహే అవుతుంది.

అరుపులు తప్పవు. కోచ్ కేకలేస్తాడు, గ్యాలరీ గోల చేస్తుంది, మీ ఊరివాళ్లే మిమ్మల్ని నిందిస్తారు. గొంతు పెంచకండి. మర్యాదగా అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబివ్వండి. హద్దు దాటితే టెక్నికల్ ఫౌల్ ఇవ్వండి, ముందుకు సాగండి. ఒక తీర్పు తప్పయిందని తోస్తే ఇంకోచోట దాన్ని సరిచేయాలని చూడకండి. ఒక అన్యాయానికి ఇంకో అన్యాయం విరుగుడు కాదు.

చెల్లెళ్లారా, ఈ పిలుపు మీకు రెండింతలు. 1997 అక్టోబరు 31న వయొలెట్ పామర్ అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటలో విజిల్ పట్టిన తొలి మహిళ అయింది. ఆడవాళ్లకు అక్కడేం పని అని అడిగినవాళ్లకు ఆమె మాటలతో జవాబివ్వలేదు. ఆట తరవాత ఆటకు విజిల్ పట్టింది. 2006లో ప్లేఆఫ్ ఆటలకూ రిఫరీ అయింది. నిబంధనల పుస్తకానికి ఆడా మగా తేడా లేదు. కోర్టులోనూ ఉండకూడదు.

పదమూడేళ్ల పిల్ల ఏడాదంతా సాధన చేసి జిల్లా పోటీలకు వస్తుంది. ఆమె శ్రమకు విలువ దక్కేది రిఫరీ చూపు నిష్పక్షపాతంగా ఉన్నప్పుడే. రిఫరీ తన ఊరి జట్టుకు అనుకూలంగా ఊదిన ఒక్క విజిల్ ఆ పిల్లకు ఆటనే కాదు, న్యాయాన్నే దూరం చేస్తుంది. నిజాయతీగా ఊదిన విజిల్ ఓడిన జట్టుకు కూడా రేపటి మీద నమ్మకమిస్తుంది. దేశానికి న్యాయం చెప్పగల మనుషులు కావాలని అందరం అంటాం. ఆ అలవాటు ఇక్కడ, చెమట కారే చోట, ఇరవై ఏళ్ల వయసులోనే మొదలవ్వాలి.

కాబట్టి ఆలోచిస్తూ కూర్చోకండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల పుస్తకం తెరవండి, రోజుకొక నియమం చదవండి. మీ పీఈటీ సారునో మేడమ్‌నో కలిసి సాధన ఆటలకు విజిల్ అడిగి తీసుకోండి. జిల్లా సంఘానికి వెళ్లి రిఫరీ పరీక్ష ఎప్పుడో కనుక్కోండి. పేరు నమోదు చేయించుకోండి. ఈ వారమే వెళ్లండి!