ఏదో ఒకటి బిగిస్తే సరిపోదు

తెల్లాపూర్‌కు ఒక పక్క గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, ఇంకో పక్క రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఆపైన పటాన్‌చెరు, పాశమైలారం పరిశ్రమలు. ఆ పరిశ్రమల్లో పాతబడని నియమం ఒకటుంది. తయారయ్యే ప్రతి యంత్రానికీ విడిభాగాల జాబితా ఉంటుంది: ఏ భాగం, ఏ నంబరు, ఏ కొలత, ఎవరి సరఫరా. గాస్కెట్ ఒక్కటి తక్కువైనా స్టోర్స్ వాళ్లు లేదని రాసిస్తారు, పని ఆగుతుంది. చూడటానికి అలాగే ఉందని పాత ఇనుము కొట్టులోంచి తెచ్చి బాయిలర్‌కు బిగిస్తే ఏ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు. సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ క్రమశిక్షణ గాలికి పోతుంది. ఫలానా లైబ్రరీ దొరకలేదని లైనక్స్ చెప్పగానే నెట్‌లో వెతకడం, కనబడిన ఫైలు దించుకోవడం, సిస్టంలో పడేయడం మామూలైపోయింది. ఆ సందేశాన్ని తలనొప్పిగా కాక స్టాక్ రిజిస్టర్‌లోని నిజమైన లెక్కగా చూడాలి. సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు, నేర్పేవాళ్లు ఆ లెక్కను ముందే అడిగి తీసుకోవాలి.

లైబ్రరీ అంటే ఒకసారి రాసి పెట్టుకుంటే అనేక ప్రోగ్రాములు వాడుకునే కోడ్. సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చడం, ఫైళ్లను కుదించడం, తెర మీద అక్షరాలు గీయడం లాంటి పనులు అందులో ఉంటాయి. లైనక్స్‌లో చాలా ప్రోగ్రాములు వీటిని వెంట మోసుకురావు, పేర్లు మాత్రం రాసుకుని వచ్చి, మొదలయ్యేటప్పుడు సిస్టంను అడుగుతాయి. అడిగింది దొరక్కపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 22.04 వెర్షన్ విషయంలో జరిగింది ఇదే. 2022 ఏప్రిల్‌లో ఆ వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే రహస్య సంకేతాల లైబ్రరీ మూడో వెర్షన్‌తో వచ్చింది. దాన్ని వాడుతూ అంతకు ముందు తయారైన ప్రోగ్రాములేమో దాని పాత రూపమైన లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 కావాలని మొరాయించాయి. కొత్త ఫైలుకే పాత పేరు తగిలిస్తే పోతుందనుకున్నవాళ్లకు వెంటనే రెండో సందేశం ఎదురైంది: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 వెర్షన్ దొరకలేదని. పేరు మార్చినంత మాత్రాన లోపలి ఫంక్షన్ల మీద ఉన్న వెర్షన్ గుర్తులు మారవు కదా. పాత ప్యాకేజీనే ఎక్కడి నుంచో తెచ్చి ఎక్కిస్తే ప్రోగ్రాం నడుస్తుంది, నిజమే. కానీ 1.1.1కు ఉచిత మద్దతు 2023 సెప్టెంబర్‌లోనే ముగిసింది. అలా చేతితో తెచ్చి పెట్టిన ఫైలును సిస్టం అప్‌డేట్లు పట్టించుకోవు. ఆ తరువాత బయటపడిన లోపాలన్నీ ఆ కంప్యూటర్‌లో అలాగే ఉండిపోతాయి.

సరైన దారి అంత కష్టమేమీ కాదు. ఎల్‌డీడీ అనే కమాండ్ ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలన్నీ వరుసగా చూపి, లేనివాటి పక్కన ఆ మాట రాస్తుంది (నమ్మకం లేని ప్రోగ్రాం మీద దీన్ని వాడకూడదు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపించే ప్రమాదం ఉంది). లేని ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో ఆప్ట్-ఫైల్ అనే కమాండ్ చెబుతుంది. దించుకున్న ప్యాకేజీని డీపీకేజీ కమాండ్‌తో ఎక్కిస్తే దానికి కావలసినవి అది తీసుకురాదు, అదే పని ఆప్ట్‌కు అప్పగిస్తే వెతికి తెస్తుంది. ఒక్కోసారి ఫైలు ఉన్నా వెతికే చోట ఉండదు. అప్పుడు ఆ ఫోల్డర్‌ను వెతుకులాట జాబితాలో చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి. 32 బిట్ల ప్రోగ్రాంను 64 బిట్ల సిస్టంలో ఎక్కిస్తే 32 బిట్ల లైబ్రరీలు వేరుగా కావాలి. పైకి ఒకేలా కనిపించే సందేశానికి ఇన్ని కారణాలున్నప్పుడు, ఏది కారణమో తేల్చుకోకుండా ఫైలు కోసం పరుగెత్తడం రోగం తెలియకుండా మందు మింగడమే.

అసలు ఈ ఉమ్మడి ఏర్పాటే తప్పు, ఎవరి లైబ్రరీలు వాళ్లే తెచ్చుకుంటే గొడవే ఉండదు కదా అనే వాదన ఉంది. లైనక్స్‌లో స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ ప్యాకేజీలు, కంటైనర్లు చాలావరకు ఆ దారివే. విండోస్‌లో ఈ బాధ లేదనీ అంటారు. వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్ అనే లైబ్రరీ కనబడలేదన్న సందేశం చూసిన విండోస్ వాడకందారులు చాలామందే ఉన్నారు, కాబట్టి ఆ పోలిక నిలవదు. మొదటి వాదనలో బలముంది. అయితే 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఉమ్మడి లైబ్రరీ వాడే సర్వర్లలో ఒక్క ప్యాకేజీని మార్చి, సర్వీసులను తిరిగి నడిపిస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నిటికీ మరమ్మతు అందింది. ఎవరి కాపీ వాళ్లు పెట్టుకుంటే ప్రతి తయారీదారు కోసమూ విడివిడిగా ఎదురుచూడాలి. పాత యంత్రాన్ని నడిపే పాత సాఫ్ట్‌వేర్ తప్పనిసరైన ఫ్యాక్టరీలో కంటైనరో, విడి కంప్యూటరో వాడటమే మేలు. కాకపోతే దాన్ని నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచాలి, లోపల ఏమేం ఉన్నాయో రాసిపెట్టాలి.

ఆప్ట్ ప్యాకేజీలు తెచ్చే అధికారిక భాండాగారాల్లోకి మాత్రం విషం చేరదా అని ఇంకొందరు అడుగుతారు. చేరగలదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానపడిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే అది దొరికింది. అప్పటికి అది డెబియన్, ఫెడోరా అనే లైనక్స్ రకాల ప్రయోగాత్మక వెర్షన్లకు చేరింది గానీ, జనం రోజూ వాడే స్థిర వెర్షన్లకు చేరలేదు. కోడ్ అందరికీ కనబడటం, కొత్తది స్థిర వెర్షన్‌కు వెళ్లేముందు దశలు దాటాల్సి రావడం అక్కడ అక్కరకొచ్చాయి. ఊరూ పేరూ లేని సైట్ నుంచి దించుకున్న ఫైలుకు ఈ రెండు రక్షణలూ ఉండవు.

సాఫ్ట్‌వేర్‌కూ విడిభాగాల జాబితా ఎందుకు కావాలో 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే లైబ్రరీలో బయటపడిన లోపం ప్రపంచానికి చూపించింది. ఆ లైబ్రరీ తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ దాగుందో తెలియక సంస్థలు వారాల తరబడి వెతుక్కున్నాయి. కంప్యూటర్ భద్రత చూసే మన కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ కూడా 2024 అక్టోబర్‌లో సాఫ్ట్‌వేర్ విడిభాగాల జాబితాపై మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, అత్యవసర సేవల సంస్థలనూ, సాఫ్ట్‌వేర్ సేవల పరిశ్రమనూ ఉద్దేశించినవి అవి. ఓపెన్ సోర్స్‌కు మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కాగితం మీద మనకు లోటు లేదు, లోటంతా ల్యాబుల్లో, కొనుగోలు ఆర్డర్లలో ఉంది. తెల్లాపూర్ ఉన్న ఈ జిల్లాలోనే కందిలో ఐఐటీ ఉంది, లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ సంస్థ ఉన్నది పక్కనే హైదరాబాద్‌లో. ఇక్కడి పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థికి లేని లైబ్రరీని కనిపెట్టి సరైన చోటు నుంచి తేవడం ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్నగా పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

చిన్న యూనిట్లలో కంప్యూటర్ నిపుణులు ఉండరు, వాళ్లకు ఈ బరువెందుకని అనవచ్చు. నిపుణులు లేనివాళ్లకే ఇది ఎక్కువ అవసరం. జాబితా తయారుచేయాల్సింది అమ్మేవాడు, దానికి సాధనాలు ఉచితంగానే ఉన్నాయి. కొనేవాడు ఆర్డర్‌లో ఒక్క షరతు రాస్తే చాలు: ఈ సాఫ్ట్‌వేర్ ఏ లైబ్రరీల మీద, ఏ వెర్షన్ల మీద ఆధారపడి ఉంది, వాటికి ఎప్పటివరకు మద్దతు ఉంది, ఇవి రాసిచ్చాకే చివరి వాయిదా చెల్లిస్తాం. వాల్వుకు టెస్ట్ సర్టిఫికెట్ లేకపోతే బిల్లు పాస్ చేయని మేనేజర్‌కు ఈ షరతు పెట్టడం కొత్తేమీ కాదు.