టిష్యూనే కదా అనకండి

"టిష్యూనే కదా, కమోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టెయ్. కాగితం నీళ్లలో కరక్కుండా ఎక్కడికి పోతుంది?" ఫంక్షన్ హాళ్లలో, కొత్త విల్లాల్లో, హోటళ్లలో ఇప్పుడు అందరిదీ ఇదే ధీమా. చదువుకున్నవాళ్లూ అంటున్నారు, ఇళ్లు కట్టించేవాళ్లూ అంటున్నారు. భూగర్భ డ్రైనేజీ లేని మన ఊళ్లలో, నగర శివార్లలో ఆ ఫ్లష్ నీళ్లు చేరేది ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకులోకే. ఆ ట్యాంకు సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మాట అనరు.

రెండు గాజు సీసాల్లో సగందాకా నీళ్లు పోయండి. ఒకదాంట్లో మామూలు టాయిలెట్ రోల్ ముక్కలు రెండు వేయండి. రెండోదాంట్లో వాష్ బేసిన్ దగ్గర చేతులు తుడుచుకోవడానికి పెట్టే మడత టిష్యూ ఒకటి వేయండి. మూతపెట్టి బాగా కుదపండి. మొదటిది కాసేపటికే విడిపోయి, పీచుపీచుగా నీళ్లలో తేలుతుంది. రెండోది మడత విప్పుకుని అలాగే ఉంటుంది. మర్నాడు పొద్దున తీసి పిండినా చిరగదు. చిరక్కూడదనే దాన్ని అలా తయారుచేశారు. తడిచేతికి అంటుకుని ముక్కలైపోతే ఎవరూ కొనరు కాబట్టి, తడిసినా పీచు వీడకుండా పట్టి ఉంచే రసాయనం అందులో కలుపుతారు. కిచెన్ రోల్ కూడా ఆ జాతే. వెట్ వైప్స్ అయితే చాలావాటిలో కాగితమే ఉండదు, పాలిస్టర్ పోగులుంటాయి. అది గుడ్డ, ఇంకా చెప్పాలంటే ప్లాస్టిక్.

ప్యాకెట్ మీద 'ఫ్లష్ చేయొచ్చు' అని రాసి ఉందిగా అంటారు కొందరు. ఆ రాతను నమ్మొద్దు. అమెరికాలో నైస్‌-ప్యాక్ అనే వైప్స్ కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో చర్య తీసుకుంది. కంపెనీ చూపించిన పరీక్షలకూ, ఇళ్ల పైపుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఉండే పరిస్థితులకూ పొంతన లేదన్నది ఆరోపణ. సరైన రుజువు లేకుండా ఆ మాట వాడబోమని కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది.

అలాగని 'సెప్టిక్ సేఫ్' అని రాసిన ఖరీదైన రోల్ తెప్పించుకోవాలనేదీ నేను ఒప్పుకోను. మందంగా, మెత్తగా, సువాసనలు అద్దినదాని కంటే పలచటి సాదా రోలే త్వరగా విడిపోతుంది. సీసాలో వేసి చూస్తే ఏది కొనాలో అదే చెబుతుంది. పైగా హెల్త్ ఫాసెట్‌తో కడుక్కునే మనకు తడి అద్దుకోవడానికి రెండు ముక్కలు చాలు.

ట్యాంకులో ఏం జరుగుతుందో కూడా చూడండి. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టెలా కడతాయి, మధ్య నీరు బయటికి పోతుంది. మడ్డిని తినేది సూక్ష్మజీవులు. వైప్స్‌నీ, ప్యాడ్లనీ, డైపర్లనీ అవి తినలేవు. ఆ చెత్తంతా పైపు మూతి దగ్గరో, తెట్టెలోనో చిక్కుకుని పేరుకుంటుంది. కమోడ్ ఎదురుతన్నడం మొదలయ్యాక ఇంట్లోవాళ్లు యాసిడ్ పోస్తారు. దాంతో ఉన్న సూక్ష్మజీవులూ చస్తాయి, గుడ్డముక్క మాత్రం కదలదు.

చివరికి ట్యాంకర్ వస్తుంది. మడ్డినైతే మోటారు లాగేస్తుంది. ప్యాడ్లు, వైప్స్ అడ్డంపడితే గొట్టం బిగుసుకుపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు అనేస్తారు: "కాస్త దిగి తీసెయ్యి, ఐదు నిమిషాల పని." నా కోపమంతా ఈ మాట మీదే. లోపల ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ కంపును పసిగట్టడమే మానేస్తుంది, వాసన తగ్గిందనుకుని దిగినవాడు కూలబడతాడు. అతణ్ని పట్టుకోబోయి దిగిన రెండోవాడూ బయటికి రాడు. ఇలాంటి వార్త లేకుండా మన పత్రికలకు ఏడాది గడవదు.

రక్షణ సరంజామా లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. చట్టం కాంట్రాక్టరునే కాదు, దిగమని పురమాయించిన ఇంటి యజమానినీ పట్టుకుంటుంది.

ఫంక్షన్ హాలు కట్టేటప్పుడు షాండ్లియర్లకు లక్షలు పోసేవాళ్లు ప్రతి టాయిలెట్‌లో మూతున్న చెత్తబుట్ట ఒకటి పెట్టి, రోజూ ఖాళీ చేయించాలి. గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి: కమోడ్‌లో టాయిలెట్ రోల్ తప్ప టిష్యూలు, వైప్స్, ప్యాడ్లు, డైపర్లు ఏవీ వేయకూడదని. ఇళ్లలో వాడిన ప్యాడ్లను, డైపర్లను పొట్లం కట్టి చెత్తబండికి ఇవ్వాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. రెండు మూడేళ్లకోసారి, కమోడ్ ఎదురుతన్నకముందే ట్యాంకర్‌ను పిలిపించండి. గొట్టం బిగుసుకుపోతే ఇంకో యంత్రం తెప్పించమనండి, ఆ ఖర్చు మీరే భరించండి.