భాషకు ఒక చోటు కావాలి

భివండిలోని నార్పోలిలో పెరిగే తెలుగు పిల్లలకు బడి గడప తొక్కక ముందే మూడు భాషలు పట్టుబడతాయి. ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో ఉర్దూ కలిసిన హిందీ, బస్సులోనూ కార్పొరేషన్ ఆఫీసులోనూ మరాఠీ. ఎవరూ పలక చేతికిచ్చి నేర్పినవి కావు. వాళ్ల తాతలకూ అంతే. చేనేత అన్నం పెట్టని రోజుల్లో నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు పల్లెలు విడిచి భివండి చేరిన పద్మశాలీలు సాంచె (మరమగ్గం) ముందు నిలబడ్డాకే హిందీ నేర్చారు, మరాఠీ నేర్చారు. సేటుతో మీటరు లెక్క తేల్చుకోవాలి. పక్క సాంచె నడిపే ఉత్తరప్రదేశ్ మనిషికి కండెలు అయిపోయాయని చెప్పాలి. కిరాయికి ఒక గది వెతుక్కోవాలి. ఈ పనులన్నీ పరాయి భాషలోనే జరగాలి కాబట్టి ఆ భాష వచ్చింది. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత నేతపని పెద్ద ఎత్తున భివండి వైపు మళ్లినప్పుడు వచ్చినవాళ్లదీ ఇదే కథ.

సాంచెల షెడ్డులో పనిచేసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. ఆ చప్పుడులో మాట వినబడదు. కొత్తగా వచ్చిన మనిషి ముందు చేతి సైగ నేర్చుకుంటాడు, ఎదుటివాడి ముఖం చదవడం నేర్చుకుంటాడు, తెగిన పోగు వైపు చూపుడువేలు ఎటు తిరిగిందో గమనిస్తాడు. షెడ్డు బయట టీ తాగేటప్పుడు ఆ సైగకు మాట తోడవుతుంది. అర్థం ముందు, మాట వెనక. బడిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు మాటను బట్టీ పట్టిస్తారు, దానితో పని ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

ఇదంతా ఎత్తుకోవడం జపనీస్ భాష కోసం. ఆన్‌లైన్‌లో కట్టిన ఊహాలోకాల్లో తిరుగుతూ జపనీస్ నేర్చుకునే పద్ధతి ఒకటి ప్రపంచంలో ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. దాన్ని పిల్లల ఆటగా తీసిపారేసే పెద్దలు మన సంఘాల్లో ఎక్కువ. మా అభిప్రాయం వేరు. భివండి తెలుగువాళ్లు మూడు భాషలు నేర్చిన దారికి ఇప్పుడు దొరుకుతున్న పద్ధతుల్లో అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

జపనీసే ఎందుకని అడిగేవాళ్లకు నేతవాళ్ల చరిత్రలోంచే జవాబు చెప్పవచ్చు. టొయొటా కారు కంపెనీ పుట్టింది మగ్గంలోంచి. 1867లో ఒక వడ్రంగి ఇంట పుట్టిన సకిచి టొయొదా, చేతిమగ్గం మీద తల్లి పడే కష్టం చూసి మగ్గాన్ని బాగుచేయడానికి జీవితమంతా ధారపోశాడు. 1891లో మెరుగుపరచిన కర్ర మగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. 1924 నాటికి నాడెను దానంతట అదే మార్చుకునే, పోగు తెగితే తనంతట తాను ఆగిపోయే మగ్గం తయారైంది. ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ 1929లో దాని హక్కులు కొనుక్కుంది. ఆ కాలంలోనే ఆయన కొడుకు కీచిరో కార్ల తయారీ వైపు తిరిగాడు. సుజుకి కంపెనీ కూడా 1909లో హమమత్సులో మగ్గాల కార్ఖానాగానే మొదలైంది. మన భివండిలో సాదా సాంచెల మీద పడుగు పోగు తెగితే ఇప్పటికీ మనిషి కన్నే పట్టుకోవాలి. రాత్రి పాళీలో ఆ కన్ను ఎంత అలసిపోతుందో సాంచె నడిపిన ప్రతి ఇంటికీ తెలుసు.

బతుకుతెరువు సంగతి కూడా ఉంది. జపాన్‌లో పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్నారు. 2019 ఏప్రిల్‌లో ఆ దేశం నైపుణ్యం ఉన్న విదేశీ కార్మికుల కోసం కొత్త వీసా తెచ్చింది. 2021 జనవరిలో భారత ప్రభుత్వం ఆ పథకంపై ఒప్పందం చేసుకుంది. 2024 మార్చిలో ఆ పథకం పరిధిలోకి వస్త్ర పరిశ్రమను కూడా చేర్చారు. విదేశీ కార్మికుడికి నెలజీతం ఇవ్వాలన్నది వస్త్ర కంపెనీలకు ప్రత్యేకంగా పెట్టిన షరతుల్లో ఒకటి. మీటరు లెక్కన కూలి తీసుకునే ఊళ్లో ఆ ఒక్క షరతు చాలు, మనిషిని కూర్చోబెట్టి చదివించడానికి. ఈ దారిలో నడవాలంటే ముందు దాటవలసిన గుమ్మం భాష.

ఆ గుమ్మం దగ్గరే చిక్కు వస్తుంది. 1984 నుంచి నడుస్తున్న జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీకి 2010 నుంచి ఐదు మెట్లున్నాయి, ఎన్5 నుంచి ఎన్1 దాకా. ముంబయిలోనూ పుణెలోనూ రాయవచ్చు. ఆ పరీక్షలో చదివి, విని, ఇచ్చిన జవాబుల్లో ఒకటి గుర్తించాలి. నోరు విప్పి మాట్లాడే పరీక్ష అందులో లేదు. అందుకే సర్టిఫికెట్ చేతికి వచ్చినా జపాన్ మనిషి ఎదురుపడితే మాట పెగలనివాళ్లు చాలామంది. వాళ్ల తప్పేమీ లేదు. మాట్లాడే చోటు వాళ్లకు ఎన్నడూ దొరకలేదు. హిందీకి భివండి గల్లీ ఉంది, మరాఠీకి ఠాణే బస్సు ఉంది. జపనీస్‌కు నార్పోలిలో ఏ వీధీ లేదు.

ఊహాలోకాలు ఇచ్చేది ఆ వీధినే. అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ వాళ్లు 1980లలో హాబిటాట్ అనే లోకాన్ని తయారుచేశారు. తెర మీద బొమ్మమనుషులు తిరుగుతూ, ఒకరితో ఒకరు రాతలో మాట్లాడుకునేవారు. ఫుజిత్సు కంపెనీ దాన్ని 1990లో జపాన్‌కు తీసుకువెళ్లింది. భాష నేర్చుకునేవాళ్లకు అసలు బడి మాత్రం 2002లో జపాన్‌లోనూ, మరుసటి ఏడాది అమెరికాలోనూ వచ్చిన ఫైనల్ ఫాంటసీ 11 అనే ఆట. అందులో జపాన్ వాళ్లనూ అమెరికా వాళ్లనూ వేరుచేయకుండా ఒకే లోకంలో వదిలారు. పెద్ద పనులు ఒక్కడివల్ల కావు, ఆరుగురు జట్టు కట్టాలి. జట్టులో ఒకరికి జపనీస్ తప్ప రాదు, ఇంకొకరికి ఇంగ్లీష్ తప్ప రాదు. ఆట తయారుచేసినవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. ముందే సిద్ధం చేసిన మాటల పట్టికలోంచి ఒకటి ఎంచుకుంటే అది ఎవరి తెర మీద వాళ్ల భాషలో కనబడుతుంది. ‘సాయం చేయండి’, ‘ఆగండి’ లాంటివి.

ఆ పట్టికతో పోరాటం నడిచింది, స్నేహం నడవలేదు. జట్టు విడిపోయాక కూడా మాట్లాడుకోవాలనుకున్నవాళ్లు పట్టిక పక్కన పెట్టి, వచ్చీరాని జపనీస్‌ను తామే టైపు చేశారు. జపాన్ ఆటగాళ్ల మర్యాద కూడా వాళ్లకు బాగా పనికొచ్చింది. జట్టులో చేరగానే దయచూడమని అడగడం, విడిపోయేటప్పుడు ఒకరి శ్రమకు ఒకరు కృతజ్ఞత చెప్పుకోవడం అక్కడ తప్పనిసరి ఆచారం. రోజూ పదిసార్లు అవే మాటలు, అవే సందర్భాలు. పుస్తకంలో ఒక పేజీ దాటితే మరిచిపోయే వాక్యం అలా నాలుక మీద స్థిరపడిపోతుంది.

మైకేల్ లాంగ్ అనే భాషాశాస్త్రవేత్త 1980లలో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇద్దరి మధ్య మాట అర్థంకాక తెగినప్పుడు, దాన్ని తిరిగి కలపడానికి ఇద్దరూ చేసే ప్రయత్నంలోనే కొత్త భాష లోపలికి దిగుతుందన్నాడు. మళ్లీ అడగడం, నెమ్మదిగా చెప్పడం, వేరే మాటలో చెప్పి చూడడం. అర్థం కానందువల్ల నష్టం లేదు, అక్కడ వదిలేసి వెళ్లిపోతేనే నష్టం. జట్టులో ఉన్నవాడు వదిలేసి వెళ్లలేడు.

2003లో సెకండ్ లైఫ్ అనే ఊహాలోకం వచ్చింది. 2017లో వచ్చిన వీఆర్‌చాట్‌తో గొంతుకు ప్రాణం వచ్చింది. అందులో దూరంగా నిలబడినవాళ్ల మాట సన్నగా, దగ్గరివాళ్ల మాట గట్టిగా వినబడుతుంది. చెయ్యి ఊపవచ్చు, తల ఆడించవచ్చు. జపాన్ యువత పెద్ద సంఖ్యలో అక్కడ చేరింది. ఇంగ్లీష్, జపనీస్ ఇచ్చిపుచ్చుకోవడానికే కట్టిన లోకాలు అందులో ఉన్నాయి. తలకు తొడిగే ఖరీదైన పరికరం లేకపోయినా మామూలు కంప్యూటర్‌తో వెళ్లవచ్చు. జపాన్ వాళ్లే తయారుచేసిన క్లస్టర్ అనే వేదిక ఫోన్‌లో కూడా నడుస్తుంది. 2016 తర్వాత ఫోన్ డేటా చవకైంది. పబ్‌జీ, ఫ్రీఫైర్ ఆటల్లో దీవుల మీద దూకి, ముఖం తెలియని జోడీతో హిందీలో కేకలు వేసుకున్న పిల్లలకు ఇలాంటి లోకం కొత్త కాదు. వాళ్లకు నడవడం వచ్చు, దారి చూపడమే మిగిలింది.

పైగా తెలుగు పిల్లలకు ఇంగ్లీష్ వాళ్లకు లేని అనుకూలత ఒకటి పుట్టుకతోనే ఉంది. జపనీస్ వాక్యంలో క్రియ చివర వస్తుంది. విభక్తి నామవాచకం వెనక అతుక్కుంటుంది. తిని చూడు, రాసి పెట్టు అని మనం రెండు క్రియలను జతచేసినట్టే వాళ్లూ చేస్తారు, అర్థం కూడా దాదాపు అదే. ఎదుటి మనిషి వయసునూ హోదానూ బట్టి క్రియ రూపం మారడం మనకు వింత కాదు. ఇంగ్లీష్ ద్వారా జపనీస్ నేర్పే పుస్తకాలు ఈ సంగతులన్నిటినీ పెద్ద కష్టాలుగా చూపించి భయపెడతాయి. తెలుగు నుంచి నేరుగా జపనీస్‌కు తీసుకువెళ్లే మంచి పాఠ్యపుస్తకం ఒకటి రావాలి. రాయగలిగినవాళ్లు ఈ పత్రికకు పాఠకులుగా ఉన్నారనే మా నమ్మకం.

అన్నిటికంటే మాకు ఉత్సాహం కలిగిస్తున్నది ఇంకొకటి. భాషలు ఇచ్చిపుచ్చుకునే ఆ లోకాల్లో మన పిల్లలు చెయ్యి చాపి అడగడానికే వెళ్లనక్కర్లేదు. ‘బాహుబలి’తో జపాన్‌లో తెలుగు సినిమాకు అభిమానులు ఏర్పడ్డారు. 2022 అక్టోబర్ 21న అక్కడ విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ ఆ దేశంలో అన్ని భారతీయ సినిమాల వసూళ్లనూ దాటింది. 2024 ఆరంభంలో తకరజుకా నాటక సంస్థ ఆ కథను రంగస్థలం మీద ఆడింది. తెలుగులో మాటలు విని, వాటి కోసం తెలుగు అక్షరాలు దిద్దుకున్న జపాన్ అభిమానులున్నారు. ‘ఆర్ఆర్ఆర్’లో భీమ్ పాత్ర మాట్లాడేది తెలంగాణ యాస. నార్పోలి ఇంట్లో అమ్మ మాట్లాడేదీ అదే. ఆంధ్ర పుస్తకాల తెలుగు కాదని ఒక చోట, మరాఠీ కాదని ఇంకో చోట, ఎక్కడికి వెళ్లినా తక్కువైపోయిన ఆ మాటను వివరించమని ఒసాకా నుంచో టోక్యో నుంచో ఒక మనిషి ఆసక్తిగా అడిగితే, ఆ పిల్లవాడు తన ఇంటి భాషను మొదటిసారి నేర్పే మనిషిగా చూసుకుంటాడు. తెలుగు చదవడం, రాయడం రాని పిల్లలు భివండిలో ఎందరో. వాళ్లను అక్షరాల వైపు తిప్పడానికి మన ఉపన్యాసాలు చేయలేని పని జపాన్ అభిమాని అడిగే ఒక్క ప్రశ్న చేయవచ్చు.

ఇంతమాత్రాన ఊహాలోకమే సర్వస్వమని మేము చెప్పడం లేదు. జపాన్ వాళ్లు నిత్యవ్యవహారానికి నిర్ణయించుకున్న కంజీ అక్షరాలు 2,136. వాటిని కాగితం మీద చేత్తో దిద్దితే తప్ప నిలవవు. లోకంలో స్నేహితులతో పలికే జపనీస్ చనువు భాష. ఇంటర్వ్యూలో మేనేజర్ ముందు దాన్ని వాడితే అమర్యాద అవుతుంది. గౌరవ రూపాలు గురువు దగ్గర కూర్చునే నేర్చుకోవాలి. ఎన్నో నెలలు లోకంలో తిరిగినా, ఇంగ్లీష్ వచ్చిన జపాన్ మనిషి దొరికితే ఇంగ్లీష్‌లోనే గడిపేసే ప్రమాదం కూడా ఉంది.

మరింత బరువైన జాగ్రత్త పిల్లల గురించి. పదమూడేళ్ల లోపు వాళ్లకు వీఆర్‌చాట్‌లో ప్రవేశం లేదు, ఆ నియమాన్ని ఇంటివాళ్లే కాపాడాలి. బొమ్మ ముఖం వెనక ఎంత వయసు మనిషి ఉన్నాడో తెలియదు. జపాన్ ఉద్యోగం ఇప్పిస్తానని అక్కడే పరిచయమై డబ్బు అడిగేవాళ్లు ఎదురుకావచ్చు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల ఇళ్లు గల్ఫ్ ఏజెంట్ల చేతిలో పడ్డ అగచాట్లు మన బంధువర్గంలో అందరూ ఎరిగినవే. లోకంలో భాష నేర్చుకోవాలి, ఉద్యోగం మాత్రం ప్రభుత్వం గుర్తించిన దారిలోనే వెతుక్కోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ అభ్యర్థులకు జపనీస్ నేర్పించి పంపుతోంది. అలాంటి ఏర్పాటు మహారాష్ట్రలోని మన పిల్లలకూ కావాలని ఇక్కడి సంఘాలు గట్టిగా అడగాలి.

మా సూచన ఆచరణకు కష్టమైనది కాదు. పద్మనగర్‌లో గానీ నార్పోలిలో గానీ సంఘం హాలు ఒకటి, సాంచెల చప్పుడుకు దూరంగా ఉన్న గది, రెండు కంప్యూటర్లు, చెవికి పెట్టుకునే మైకులు. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడివాళ్లు పని ముగించుకుని రాత్రి పది గంటలకు లోకంలోకి వచ్చేసరికి మనకు సాయంత్రం ఆరున్నర. బడి అయిపోయి, ఇంకా చీకటి ముదరని వేళ. వారానికి ఒకరోజు కాగితం మీద కంజీ, మిగతా రోజుల్లో ఒక్కొక్కరికి కొంతసేపు లోకంలో సంభాషణ, పక్కన భాష తెలిసిన పెద్దమనిషి ఒకరు. ఫోన్లు మగపిల్లల చేతుల్లోనే ఎక్కువగా ఉన్న ఇళ్లు మనవి, సాయంత్రం బయటికి వెళ్లడానికి కూతురికి అంత తేలిగ్గా అనుమతి దొరకని ఇళ్లు మనవి. అందుకే ఆ గదికి వేసే సమయాల పట్టికలో సగం గంటలు ఆడపిల్లల పేర్లతోనే మొదలుపెట్టాలి, వాళ్లను ఇంటి దగ్గర దింపివచ్చే బాధ్యత కూడా సంఘమే తీసుకోవాలి.