ఎం.టెక్ పరిశోధన రేగడి చేనులోకి రావాలి

కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరులో పప్పుశనగ విత్తుతాం. జనవరి, ఫిబ్రవరిలో కోతకొస్తుంది. అందరి చేలూ ఒకేసారి ఎండుతాయి కాబట్టి కూలీలు దొరకరు. కోత మిషను పెట్టిద్దామంటే ఇంకో నష్టం. మన దగ్గర బాగా పాతుకుపోయిన జేజీ 11 రకం పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. కింది కాయలు మిషను కత్తెరకు అందక చేలోనే మిగిలిపోతాయి.

ఈ చిక్కుకు నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఒక దారి చూపింది. నిటారుగా, ఎత్తుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 రకాన్ని మిషను కోతకోసమే రూపొందించింది. అంటే మొక్కను యంత్రానికి తగినట్టు మార్చారు. మరి యంత్రాన్ని మన పంటకు, మన నేలకు తగినట్టు మార్చేదెవరు? ఆ పని మెకానికల్ ఇంజినీరింగ్ చదివే వాళ్లది.

నంద్యాలలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది. ఎం.టెక్ రెండేళ్ల చదువులో పెద్ద భాగం ప్రాజెక్టుకే పోతుంది. గేట్ రాసి చేరిన విద్యార్థులకు ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఇస్తోంది. అందుకు వాళ్లు వారానికి 8 నుంచి 10 గంటలు బోధన, పరిశోధన పనుల్లో సాయపడాలి. పీహెచ్‌డీ విద్యార్థులకు వారానికి 4 నుంచి 6 గంటలు ఇలాంటి పని అప్పగించవచ్చని 2022 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఈ ఉపకారవేతనం ప్రజల సొమ్ము. ఆ గంటల్లో కొన్నయినా పల్లెకు అడగడం మన హక్కు.

చేనులో పరిశోధనకు తగిన విషయం లేదంటే ఒప్పుకోం. డ్రమ్ము వేగం ఎక్కువైతే గింజ పప్పుబద్దలవుతుంది, తక్కువైతే కాయ నలగకుండా పోతుంది. డ్రమ్ముకూ కింది జాలీకీ మధ్య సందు ఎంత ఉండాలి? గింజలో తేమ ఎంత ఉన్నప్పుడు కోయాలి? కత్తెరను నేలకు ఎంత దించితే మట్టిపెళ్లలు రాకుండా కాయ దక్కుతుంది? గొర్రు మొనలు త్వరగా అరగకుండా ఏ లోహం వాడాలి? ఇవన్నీ రాపిడి, కంపనం, లోహశాస్త్రం కిందికి వచ్చే ప్రశ్నలే. బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఒక్కటే అన్ని పంటలకూ, అన్ని నేలలకూ జవాబు వెతకలేదు.

తప్పు విద్యార్థులది కాదు. పత్రికలో పేపరు అచ్చయితేనే విలువ, చేనులో గింజ మిగిలితే మార్కులు లేవు అన్నట్టుంటే వాళ్లు కంప్యూటరు ముందే కూర్చుంటారు. ఆ కొలత మారాలి.

మిషను వస్తే కూలీల పని పోతుందన్న భయం న్యాయమైనదే. అందుకే బోధన గంటలు పల్లెకు రావాలంటున్నాం. మిషను నడపడం, బిగింపులు సరిచేయడం, మరమ్మతు చేయడం ముందుగా కూలీల పిల్లలకే నేర్పాలి. అప్పుడు ఆ పని, ఆ రాబడి ఊళ్లోనే ఉంటాయి.

కాబట్టి మన కోర్కెలు మూడు. ప్రతి కాలేజీ ఏటా కొన్ని ఎం.టెక్ ప్రాజెక్టులను స్థానిక పంటలకు కేటాయించాలి. పరిశోధనా స్థానం వారితో కలిసి పనిచేయాలి. ఫలితాలు తెలుగులో రైతుకు అందాలి. మన వంతుగా ప్రయోగానికి చేను ఇద్దాం, నష్టం లెక్కలు రాసి ఇద్దాం. వచ్చే కోతలోపు ప్రతి మండల కమిటీ తన ఊళ్ల యంత్ర సమస్యల జాబితా తయారుచేసి దగ్గరి కాలేజీకి అందజేయాలి.