చెరిపినా చెరగని పలక

పిల్లలూ! మీ ఇంట్లో పాత సామాన్ల అడుగున మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ బిళ్ల ఏదైనా ఉన్నదేమో నాన్నగారిని అడిగి చూడండి. దాని పేరు ఫ్లాపీ. 1990 ప్రాంతాల్లో కంప్యూటరు కొత్తగా నేర్చుకునేవారికి అదే పలక. కొత్తవి కొనటం ఖర్చు గనక, ఎవరో వాడి వదిలేసిన ఫ్లాపీలను చెరిపి, మళ్లీ పాఠాలకు వాడుకునేవారు.

పలక అయితే తడిగుడ్డతో తుడిస్తే సరి. ఫ్లాపీ అట్లా కాదు. దాని తొడుగు లోపల పల్చని గుండ్రని పొర ఉంటుంది. పొరకు ఒక్కొక్క వైపున 80 వలయాలు, వలయానికి 18 గదులు, గదికి 512 ఇంగ్లీషు అక్షరాలు. రెండు వైపులా కలిపితే 14,74,560 అక్షరాలు. కావాలంటే లెక్క వేసి చూసుకోండి!

మొదట ఉన్న కొన్ని గదుల్లో హాజరుపట్టీ వంటి జాబితా ఒకటి ఉంటుంది. "ఈ ఉత్తరం చెరిపెయ్యి" అంటే డాస్ కంప్యూటరు ఆ ఉత్తరం జోలికే పోయేది కాదు. జాబితాలో దాని పేరుకు మొదటి అక్షరం మార్చి, ఆ గదులు ఖాళీ అని గుర్తు పెట్టుకునేది, అంతే! పట్టీలో పేరు కొట్టేసినా కుర్రవాడు బల్లమీదనే కూర్చుని ఉన్నాడన్నమాట. మరొకడు వచ్చి ఆ చోట కూర్చునేదాకా వాడు కదలడు.

1991లో వచ్చిన ఎమ్మెస్ డాస్ 5లో 'అన్‌డిలీట్' అనే ఆజ్ఞ ఉండేది. "పేరులో మొదటి అక్షరం ఏమిటి?" అని అడిగి, చెప్పగానే పోయిన ఉత్తరాన్ని తెచ్చి ఇచ్చేది. పొరపాటున చెరుపుకున్నవారికి పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టుండేది. కాని ఒక ఆఫీసువారి జీతాల చిట్టా పాఠం నేర్చుకునే పిల్లవాడి ముందు ప్రత్యక్షమైతే?

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఫ్లాపీ పెట్టి కంప్యూటరును మొదలుపెడితే, అది ముందుగా చదివేది మొట్టమొదటి గదిని. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరస్, ఇంకా పెద్దవైన పాత ఫ్లాపీలలో, సరిగ్గా ఆ గదిలోనే కాపురం పెట్టేది. ఉత్తరాలన్నీ చెరిపేసినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు!

అందుకని తెలిసిన మాస్టార్లు శుభ్రమైన ఫ్లాపీతో కంప్యూటరు మొదలుపెట్టి, 'ఫార్మాట్' ఆజ్ఞకు చివర ఒక గీటూ, 'యు' అక్షరమూ తగిలించేవారు. యంత్రం గురగురమంటూ గది గదినీ కొత్తగా రాసుకుంటూ పోయేది. చెడిపోయిన గదులుంటే అప్పుడే బయటపడేవి. 'త్వరగా' చేసే ఫార్మాట్ కూడా ఉండేది గాని, అది జాబితాను మాత్రమే తుడిచేది.

ఇంత తెలిసినా, ఒక్కొక్కప్పుడు ఫ్లాపీ ఒక్క అక్షరం కూడా రాయనిచ్చేది కాదు. అప్పుడు దాని మూలన ఉన్న చిన్న కిటికీని చూడాలి. కిటికీ తెరిచి ఉంటే రాత బంద్. బిళ్లను జరిపి కిటికీ మూస్తే రాయవచ్చు. చిత్రంగా లేదూ?