మోనజైట్ శరీరం దానికివ్వండి

మోనజైట్ ఫాస్ఫేట్ ఖనిజం. ఈ ముక్క మన పిల్లలకు చెప్పేవాళ్లేరీ? పోటీ పరీక్షల పుస్తకం తిప్పితే "థోరియం ముడి ఖనిజం" అని ఒక్క వరుస, అంతే. దేశంలోకెల్లా ఎక్కువ మోనజైట్ నిల్వ ఉన్న రాష్ట్రంలో ఇదీ చదువు!

మన తీరపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ సుమారు 9 శాతం. రేర్ ఎర్త్ ఆక్సైడ్లు 58 శాతం దాకా, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 27 శాతం దాకా ఉంటాయి. తొమ్మిదో వంతు కూడా లేనిదాని పేరు మొత్తానికి అంటగట్టడం, ఇంటికొచ్చిన చుట్టం పేర పట్టా రాయడమే. శాస్త్రం ఆ పని చేయదు. ముందు ఫాస్ఫేట్ కుటుంబంలో చేరుస్తుంది, తర్వాత ఏ లోహం ఎక్కువో చూస్తుంది. సీరియం ఎక్కువైతే మోనజైట్-సీరియం, లాంథనం ఎక్కువైతే మోనజైట్-లాంథనం. 1966 నుంచీ ఇదే పద్ధతి. కాల్షియం, థోరియం కలిసి పైచేయి అయితే దానికి వేరే పేరుంది: చెరలైట్. 1953లో తిరువాన్కూరు రాతి నుంచి లోకానికి పరిచయమైంది. థోరియానికి పెద్దపీట దక్కిన చోట శాస్త్రం వేరే పేరు పెట్టింది కదా, మోనజైట్ మీద ఈ దౌర్జన్యం ఎందుకు?

గనుల చట్టం మోనజైట్‌ను అణు ఖనిజాల జాబితాలో పెట్టింది. 2016లో తీరపు ఇసుకకు గీసిన మోనజైట్ పరిమితిని 2019లో సున్నాకు దించారు. థోరియం దొంగదారిన పోకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కాపలా కోసం రాసుకున్న జాబితా చదువుకు కొలమానం ఎలా అవుతుంది? 2023లో అదే చట్టం టైటానియం, జిర్కోనియం ఖనిజాలను అణు జాబితా నుంచి తీసి కీలక ఖనిజాల్లో వేసింది. రాత్రికి రాత్రి వాటి స్ఫటికాలు మారాయా?

మా గుణదల మేరీమాత కొండ ఖొండలైట్ రాయి. తూర్పు కనుమల పొడవునా ఇలాంటి రాళ్లు అరిగే భీమిలి, కళింగపట్నం తీరాలకు మోనజైట్ చేరింది. అక్కడి మత్స్యకారులకు ఒకడు "అణు ఇసుక" అని దడ పుట్టిస్తాడు, ఇంకొకడు "మామూలు నల్ల ఇసుకే" అని లారీలు తెస్తాడు. ఇద్దరికీ కావలసింది ఆ మత్స్యకారుల అజ్ఞానమే. మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి, రేర్ ఎర్త్‌లతోపాటు ట్రైసోడియం ఫాస్ఫేట్‌నూ కేరళలోని ఆలువాలో 1950లలోనే తీశారు. ఆ సంగతి మన పాఠంలో ఎందుకు లేదు?

పదో తరగతి పుస్తకంలో మోనజైట్ కూర్పును అంకెల పట్టికగా అచ్చువేయండి. తవ్వకం మాట ఎత్తినప్పుడు అదే పట్టికను తెలుగులో రాసి, ఊరి నడుమ కట్టండి.